జేజి విరజాజి పందిరి

మొన్న సాయంత్రం మా ఇంటావిడ డాబా మీద కిరసనాయిలు డబ్బాలో పెంచుతున్న విరజాజి తీగ ముందు నిలబడి, "ఇన్ని నీళ్లు పోస్తున్నా ఒక్క మొగ్గ లేదు, దీనికేం రోగం?" అని నన్ను అడిగింది. ఆ రోగానికి కారణం నేనే అన్న ధ్వని ఆ గొంతులో ఉంది. మా ఇంట్లో ఉప్పు చెమ్మగిల్లినా, గడియారం ఆగిపోయినా కారణం నేనే కాబట్టి నొచ్చుకోలేదు. కానీ ఆ ఆకుల గుబురు చూడగానే నవ్వొచ్చింది. నవ్వెందుకో చెప్పేదాకా ఆమె వదల్లేదు. చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోయింది. అదే ఇక్కడ రాస్తున్నాను. మీరు భోజనం కానిచ్చి చదువుకోండి.

మా ఊరు కడప జిల్లాలో ఎండకు పుట్టినిల్లు. సూర్యుడు మిగతా ఊళ్లలో ఉద్యోగం చేసి మా ఊళ్లో కాపురం ఉండేవాడు. వాన పడిందంటే దాన్ని చూడడానికి పక్క ఊళ్ల చుట్టాలు బండ్లు కట్టుకొని వచ్చేవారు. మా బావి ఎంత లోతంటే, పొద్దున చేద వదిలితే అది నీళ్లకు తగిలిన చప్పుడు వినపడేలోగా సంగటి తిని చెయ్యి కడుక్కోవచ్చు. చెయ్యి కడుక్కోవడానికి నీళ్లుంటే.

మా ఇంటికి అధిపతి మా జేజి. మా వైపు నాయనమ్మను జేజి అంటారు, తాతను అబ్బ అంటారు. మిగతా చోట్ల పిల్లలకు దేవుణ్ణి జేజి అని చూపిస్తారట. మా ఇంట్లో ఆ ఇద్దరికీ పెద్ద తేడా ఉండేది కాదు. ఇద్దరికీ ఎదురు చెప్పకూడదు. ఇద్దరిలో ఎవరికి కోపమొచ్చినా పొయ్యి మీది పప్పు ఉడకదు.

ఎదురింట్లో ఇంకొక అవ్వ ఉండేది. ఆమెకూ మా జేజికీ వదినామరదళ్ల వరస. అంటే ఒకరి ముఖాన ఒకరు నిజం చెప్పుకొనే హక్కు ఉన్నవాళ్లన్నమాట. ఎదురింటవ్వ వాకిట్లో ఒక పాత విరజాజి తీగ ఉండేది. మా కొండల్లో ఎవరూ నాటకుండానే పొదల మీద పాకే తీగ అది. పువ్వు బియ్యపుగింజకు చెల్లెలంత, వాసన మాత్రం గుర్రబ్బండెక్కి పోయేంత. వీధిలో ఆడవాళ్ల తలలన్నింటికీ ఆ ఒక్క తీగే దిక్కు. సాయంత్రమయ్యేసరికి ఎదురింటవ్వ అరుగు మీద పూలు కుప్ప పోసుకొని, దానధర్మాలు చేసే మహారాణిలాగా మూర మూర కొలిచి పంచేది.

ఒక శుక్రవారం పంచుతూ పంచుతూ ఆమె గర్వం కాస్త పొంగింది. "నా తీగ ఎండిపోతే ఈ వీధిలో ఆడోళ్లవన్నీ బోడి తలలే" అంది.

అప్పుడే మా జేజి తలలో పూలు పెట్టుకొని లేవబోతోంది. ముత్తయిదువ చెవిన ఆ మాట పడకూడదు. పడింది. జేజి పూలు తీసి అరుగు మీద పెట్టేసింది.

"నీ పూలు నీకాడనే పెట్టుకో వదినా. మా ఇంట్లో తీగ నాటుతా. అది పూసిన్నాడు పెట్టుకుంటా. అంతవరకూ నా తలలో పువ్వు ఉండదు."

"అయ్యో, ఏదో నోరు జారింది, అంత పట్టుకుంటావా?"

"నోరు జారితే నువ్వు ఎత్తుకో. నా మాట జారదు."

ఇంటికొచ్చి జేజి వేంపల్లె దిక్కున ఉన్న తమ్ముడికి కబురు పెట్టింది. ఆయన కొండకు పోయి, వేరుతో సహా ఒక విరజాజి కొమ్మను తీసుకొని, తడిగుడ్డలో చుట్టి, ఎద్దులబండిలో ఒడిలో పెట్టుకొని తెచ్చాడు. దారి పొడుగునా బండివాడు "బిడ్డ ఏడుస్తాందా?" అని అడుగుతూనే ఉన్నాడట. దొడ్లో నాటారు. మా జిల్లాలో కర్ర కన్నా రాయి చవక కాబట్టి, అబ్బ, పక్కింటి పరుపుల మామ కలిసి నల్ల బండలు నిలువునా పాతి, పైన కందికట్టె పరిచి పందిరి వేశారు. పరుపుల మామ దూది ఏకి పరుపులు కుట్టే తురకాయన. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక తడికె ఉండేది. దానికి గడియ ఉండేది గానీ, పెట్టినవాళ్లను నేను చూడలేదు.

ఇక నీళ్ల సంగతి. జేజి ఇంట్లో శాసనం చేసింది. ఇకమీదట ఇంట్లో ఏ నీటిచుక్కా ఆ తీగ పాదు ముఖం చూడకుండా భూమిలోకి పోకూడదు. బియ్యం కడుగు, పప్పు కడుగు, గిన్నెలు తొలిపిన నీళ్లు, అన్నీ అక్కడికే. అన్నం తిని చేతులు కడుక్కోవాలంటే ఎంగిలిచేత్తో దొడ్లోకి ఊరేగింపుగా నడవాలి. పిల్లలం పాదు చుట్టూ నిలబడి, ఎవరు ఎంత దూరం నుంచి గురిచూసి పుక్కిలిస్తారని పందేలు వేసుకొనేవాళ్లం. జమాబందీకి వచ్చిన తాసిల్దారు మా ఇంట్లో మజ్జిగ తాగితే, ఆయన్ను కూడా జేజి మర్యాదగా అక్కడికే తీసుకుపోయి కాళ్లు కడిగించింది. "ఇంకొంచెం పోసుకోండి సారూ, దుమ్ము శానా ఉండాది" అని ఆయన కాళ్లు పాలల్లో ముంచిన మాదిరి తెల్లబడేదాకా వదల్లేదు.

తీగ ఎదిగింది. ఎదిగిందంటే అట్లా ఇట్లా కాదు. ఒక వానకాలం గడిచేసరికి పందిరి నిండింది. రెండోది గడిచేసరికి పందిరి కనపడకుండా పోయింది. దాని కింద పట్టపగలే చీకటి పడి, మా కోళ్లు మధ్యాహ్నం సంగటి వేళకే గంపెక్కి పడుకొనేవి. ఊరంతా పెనం మాదిరి కాలుతుంటే ఆ పందిరి కింద మాత్రం ఊటీ. పరుపుల మామ పని ముగించుకొని, మీసాల్లో దూదితో వచ్చి, అబ్బతో బండ మీద పులిజూదం ఆడేవాడు. కొత్తదూది వాసన, అబ్బ చుట్ట వాసన, తడిమట్టి వాసన కలిసి ఉండేవి. పూల వాసన ఒక్కటే లేదు.

మొగ్గ కాదు గదా, మొగ్గ వేసే ఉద్దేశం కూడా ఆ తీగకు కనపడలేదు.

ఎదురింటవ్వ మజ్జిగ తోడుకనే సాకుతో వచ్చి పందిరి కింద నిలబడి తల పైకెత్తేది. "ఏమి వదినా, ఎంత బాగా పెరిగిండాది. పప్పులోకి ఏస్తాండారా, పచ్చడి చేస్తాండారా?"

"తోడుకొచ్చినావా, చూసిపోను వచ్చినావా?"

"రెంటికీ. తోడు పుల్లగా ఉంటే చూసిందన్నా దక్కుతాది."

జేజి పట్టు వదల్లేదు. పండగలొచ్చాయి, పెండ్లిండ్లు వచ్చాయి, ఆమె తలలో పువ్వు లేదు. చిక్కంతా అబ్బకు వచ్చింది. అదెట్లా వచ్చిందో చెప్పాలి.

కోసిగి నుంచి అబ్బకు వరసకు తమ్ముడొకాయన వచ్చాడు. కండ్లల్లో పొరలు. ఎదుట నిలబడింది మనిషో స్తంభమో తడిమితే గానీ తెలియదు. వాకిట్లోకి వచ్చి, ఎండలో నిలబడిన జేజిని తేరిపార చూశాడు. బొట్టు కనపడలేదు, కొప్పులో పూల తెలుపూ కనపడలేదు. అంతే, చేతిసంచి కింద పారేసి గోడకు ఆనుకొని ఏడుపు ఎత్తుకున్నాడు.

"ఎప్పుడు పాయనమ్మా మా అన్న? కబురన్నా పంపకపోతిరే. నా దుడ్లు నేను పెట్టుకొని రైలెక్కి వచ్చేటోణ్ణి గదమ్మా. ఎట్లాంటి మనిషి, సీమకంతా ఏనుగు మాదిరి ఉండె."

మా అమ్మ పైటకొంగు నోట్లో కుక్కుకుంది. లోపల నుంచి, నోటినిండా సంగటితో అబ్బ గొంతు వచ్చింది. "ఈడనే ఉండాను రాప్పా. కాళ్లు కడుక్కోని రా, ఊరిబిండి పచ్చడి మంచిగా కుదిరింది."

వీధి వీధంతా ఆ కథ చెప్పుకొని నవ్వింది. తర్వాత ఊరు నవ్వింది. అబ్బ కచేరీకి పోతే, "ఏమి పెద్దాయనా, ఎప్పుడు లేచొచ్చినావు?" అని పలకరించేవారు. పైకి ఆయనా నవ్వేవాడు. ఇంటికొచ్చి మాత్రం జేజి ముందు కూర్చొని బతిమాలేవాడు.

"ఒక్క పువ్వు పెట్టుకోవే. సంతలో కొనుక్కొస్తా."

"మాట అంటే మాటే."

"నేను బతికుండంగానే పెండ్లాం బోసి తలతో తిరుగుతా ఉంటే నేనెట్ల తల ఎత్తుకునేది? నా బతుకు నీ మాట కంటే తక్కువైపాయనా?"

"నీ బతుకుకేమి, సంగటి ముద్ద మీద ముద్ద దిగుతాండాది గదా" అని జేజి తిరగలి దగ్గరికి పోయేది. కానీ ఆ రోజు తిరగలి మామూలు కన్నా గట్టిగా తిరిగేది. రెండు చేతులతోనూ కట్టెపిడి పట్టుకొని, రాగులతోపాటు ఇంకేదో పిండి చేసేది. అబ్బ వయసు ఆమెకూ తెలుసు. ఆ తీగ పూయకముందే ఏదన్నా జరిగితే, ఇక ఎన్ని పూలు పూసినా ఆమెకు పనికిరావు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. నోటితో అన్నవాళ్లు లేరు.

మా వైపు కాయని చెట్టును, పూయని చెట్టును బెదిరించే ఆచారం ఒకటుంది. ఒకరు గొడ్డలి పట్టుకొని నరకబోవాలి. ఇంకొకరు అడ్డం పడి, "ఈసారికి విడిచిపెట్టు, వచ్చే ఏడు పూస్తుంది" అని చెట్టు తరఫున పూచీ పడాలి. అది వింటే చెట్టుకు భయం పుట్టి దారికొస్తుందని నమ్మకం. ఒక ఆదివారం అబ్బ గొడ్డలి తీసుకొని వచ్చాడు. వీధిలో సగం మంది గోడలెక్కారు. ఎదురింటవ్వకు పీట వేశారు.

"పూయని తీగ నాకెందుకు? నరికి పొయ్యిలో పెడతా" అని అబ్బ గొడ్డలెత్తాడు. నిజానికి ఆ గొడ్డలికి పెసరకట్టు కూడా తెగదు. కానీ ఎత్తడంలో ఆయన నాటకాలవాళ్లను మించిపోయాడు.

జేజి అడ్డం వచ్చింది. "విడిచిపెట్టు. చిన్నది. దానికి తెలీదు. ఈసారి పూస్తాది."

"పూయదు. రెండేండ్లుగా నీళ్లు తాగి కొవ్వు పట్టిండాది."

అంతటితో ఆపితే బాగుండేది. అబ్బకు జనం చూస్తున్న ఉత్సాహం. ఇంకో రెండు తిట్లు తిట్టి తీగను ఒక్కటి తట్టాడు. జేజి ఒక్కసారిగా ఏడ్చేసింది. గొడ్డలి లాక్కొని, "దాని మీద చెయ్యేస్తే ఊరుకోను, నీకేమి తెల్సు దాని కష్టం" అని అబ్బను దొడ్డి చుట్టూ తరిమింది. తీగకు భయం పుట్టిందో లేదో గానీ, అబ్బకు పుట్టింది. ఎదురింటవ్వ పీట మీద నుంచి లేచి, "ఇదే ఏటేటా పెట్టండి, మేము సినిమాకు పోయే పనుండదు" అని వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచే అబ్బ తనకు తోచిన మార్గం ఒకటి మొదలుపెట్టాడు. అది మాకు తర్వాత తెలిసింది.

శివరాత్రి దాటింది. పరుపుల మామ బక్రీదు కోసం ఒక మేకపోతును పెంచుతున్నాడు. దాన్ని పోతు అనడం మర్యాద కాదు, అది చిన్నసైజు జమీందారు. శెనగలు, బెల్లం, అవిశాకు తినేది. మామ కొడుకులు జొన్నరొట్టె తింటూ దాని వైపు అసూయగా చూసేవారు. అది నడిచివస్తే మా ఊరి కుక్కలు దారిచ్చేవి.

ఒక మధ్యాహ్నం ఊరంతా తిన్నది అరిగించుకొంటూ పడుకొని ఉంది. దొడ్లో నుంచి అబ్బ కేక. కేక అంటే, ఆయన గొంతులో నుంచి రావలసిన మాట దారిలో ఇరుక్కొని చేసిన శబ్దం. అందరం పరిగెత్తాం.

పందిరి మీద మేకపోతు నిలబడి ఉంది. పక్కనున్న రోటి మీదెక్కి, రోటి మీద నుంచి ప్రహరీ ఎక్కి, ప్రహరీ మీద నుంచి పందిరి మీదికి చేరినట్టుంది. ఊరినంతా కలియజూస్తూ ఆఖరి ఆకును నెమ్మదిగా నములుతోంది. దాని కింద రెండేండ్ల తీగ, దువ్వి ఆరబెట్టిన జనపనార మాదిరి, ఆకన్నది లేకుండా వేలాడుతోంది. కోళ్లు తెల్లారిందనుకొని గంప దిగాయి.

అబ్బ చేతిలో నిండు బిందె ఉంది. తడికె బార్లా తీసి ఉంది.

"ఆ బిందె ఏమిది?" అంది జేజి.

అబ్బ బిందెను వెనక్కి దాచబోయాడు. బిందె దాగేది కాదు. "నా స్నానం నీళ్లు" అన్నాడు.

"స్నానం చేయలేదా?"

"చేయకుండా శానా దినాలాయె. అందరూ పడుకున్నాక దీనికి పోస్తాండా. పరుపులోళ్ల బావి నుంచి కూడా ఒక బిందె తెస్తాండా. తడికె మూసినాననే అనుకుంటి."

ఈమధ్య ఆయన దగ్గర చుట్టవాసన అంత ఘాటుగా ఎందుకుంటోందో మా అందరికీ ఆ క్షణంలో అర్థమైంది. అంతలో మా అమ్మ నెమ్మదిగా, "నేనూ తాగే నీళ్ల కుండలో నుంచి రోజూ ఒక చెంబు పోస్తాండా అత్తా" అంది. తడికె దగ్గర నిలబడిన పరుపుల మామ తలవంచుకొని, "నేనూ నమాజుకు ముందు కాళ్లుచేతులు కడిగి వుజూ చేసుకునేది ఈ పాదులోనే పెద్దమ్మా. పూటకొక చెంబు ఎక్కువే పోస్తా ఉంటి" అన్నాడు. దాహానికి నీళ్లు లేని ఊళ్లో, జేజికి తెలియకుండా ఆ తీగకు ఇంటిల్లిపాదీ చెరువు తవ్వినంత పని చేశారు.

మామ జేజి ముందుకొచ్చాడు. "తోబా తోబా. నన్ను కొట్టు పెద్దమ్మా. దాన్ని కొట్టొద్దు, అది దేవుడి పేరు పెట్టిన జీవం. నీ తీగకు బదులు ఏమడిగితే అది చేస్తా."

జేజి రోటి మీద కూలబడింది. తిట్లు వస్తాయని ఎదురుచూశాం. రాలేదు. "నోరు లేని జీవం. దానికేమి తెల్సు" అంది. కాసేపటికి లేచి, "ఇంక దీనికి ఎవురూ చుక్క నీళ్లు పోయొద్దు. నా రాత ఇంతే. నువ్వు పోయి స్నానం చెయ్" అని అబ్బతో చెప్పి లోపలికి పోయింది. అబ్బ ఆ బిందె పట్టుకొని అట్లే నిలబడ్డాడు. ఏడ్చే మనిషి కాదు ఆయన. బిందెలోని నీళ్లు మాత్రం అలలు కొట్టాయి.

బక్రీదు వచ్చింది. మామ తన చేతులతో మొదటి భాగం మా ఇంటికి తెచ్చి, గడప బయటే నిలబడ్డాడు. జేజి గిన్నె అందుకుంది. మసాలా నూరి, కూర వండి, సంగటి కెలికి, అందరికీ పెట్టి, తానూ ఒక ముద్ద తిని, "మన ఆకు మనకు తిరిగొచ్చె" అంది. అందరం బిక్కమొహాలు వేసుకొని చూశాం. ముందు ఆమే నవ్వింది. గడప బయటున్న మామ కూడా లోపలికొచ్చి కూర్చున్నాడు. తీగ పోయాక మా ఇంట్లో నవ్వు వినపడింది అప్పుడే.

తీగ సంగతి అందరం మరిచిపోయాం. కడుగు నీళ్లన్నీ వంకాయ చెట్లకు పోయాయి. ఎండలు ముదిరాయి. పందిరి కింద కూర్చుంటే మాడు పగులుతోందని పులిజూదం అరుగు మీదికి మారింది. ఉగాది పోయాక ఒక మామిడి జల్లు పడింది. ఆ జల్లు వెలిసిన కొన్నాళ్లకు, కట్టెలకోసం దొడ్లోకి పోయిన అమ్మ ఉట్టిచేతులతో తిరిగివచ్చి, "అత్తా, ఒకసారి రా" అంది.

ఎండుకట్టె అనుకొన్న తీగంతా లేత చిగుళ్లు. ఆకు కన్నా ముందు మొగ్గలు. ఆకు పెట్టడానికి చోటు లేక మొగ్గ పెట్టిందా అన్నట్టు, కణుపు కణుపుకూ గుత్తులు. తోటలు వేసేవాళ్లు ఆకు దూసి, నీళ్లు మానిపించి పూయిస్తారని పెద్దయ్యాక విన్నాను. అప్పుడు మా ఇంట్లో అది తోచేవాళ్లు లేరు. చేదకు నీళ్లు అందని ఊళ్లో పుట్టినవాళ్లకు, నీళ్లెక్కువై ఒక ప్రాణం ముడుచుకుపోతుందంటే ఎట్లా తోస్తుంది?

అది పూసింది. ఆ పూయడం చెబితే మీరు నమ్మరు, కాబట్టి తగ్గించి చెబుతాను. వాసనకు మా వీధి మలుపులో బండ్లెద్దులు ఆగిపోయేవి, తోకలు మెలిపెట్టినా కదిలేవి కావు. బడిలో అయ్యవారు బెత్తం ఎత్తి, కొట్టడం మరిచిపోయి అట్లే నిలబడేవాడు. గాలి అటు తిరిగిన రోజున కడప బజారులో అత్తరు బేరాలు పడిపోయాయని మామ ఒట్టేసి చెప్పాడు.

పూలు విచ్చిన మొదటి సాయంత్రం అబ్బ నిండు గంగాళం నీళ్లు కాచుకొని, సీకాయతో తలంటుకొని, ఉతికిన పంచె కట్టి వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడు. "ఏమి పెద్దాయనా, పెండ్లికా?" అని దారినపోయేవాళ్లు అడిగితే, "ఊఁ, ఈడనే" అనేవాడు.

జేజి చేటలనిండా పూలు కోసి కట్టింది. మొదట దేవుడికి పెట్టింది. తర్వాత పరుపుల మామ ఇంటికి, ఆయన కూతుళ్ల జడల్లోకి. తర్వాత వీధిలో ఒక్క గడప వదలకుండా. చివరికి ఎదురింటికి పోయింది. నేను చేట పట్టుకొని వెంట ఉన్నాను. యుద్ధం జరుగుతుందని వీధంతా అరుగులెక్కింది.

ఎదురింటవ్వ దండ అందుకొని మూర వేసి చూసుకుంది. "మేకకు మొక్కుకో వదినా, గుడి కట్టించు" అంది. అని, తన తలలోని సొంత పూలు తీసేసి, జేజి పూలు పెట్టుకొంది. "ఆ పొద్దు నేను అనకూడని మాట అంటి" అంది నెమ్మదిగా.

"అనకుంటే ఈ తీగ యాడిది?" అంది జేజి.

ఖాళీ చేటతో ఇల్లు చేరాం. అబ్బ లేచి నిలబడ్డాడు. జేజి కొప్పు వైపు చూశాడు.

"ఏమే, నీకు?"

"అయిపాయ. రేపు మళ్ల పూస్తాయిలే."

"నేను పొద్దన్నుంచి ఎవురి తల చూడాల్నని కూచోనుండా?"

జవాబు కోసం ఆగలేదు. దొడ్లోకి పోయి, ఇంకా వెలుగుండగానే మరునాటికి విచ్చవలసిన మొగ్గలు పంచెచెరుగు నిండా దూసుకొచ్చాడు. పుట్టి బుద్ధెరిగి ఆయన పూలు కట్టలేదు. తాళ్లు పేనడం తెలుసు. దూలానికి వేలాడే కిత్తనార లాగి, అరుగు మీద కూర్చొని, పండ్లతో పట్టి బిగిస్తూ, వీధి అంతా చూస్తుండగా కట్టాడు. ముడి ముడికీ సగం మొగ్గలు నలిగాయి.

"ఇది దండనా, కోడెకు కట్టే పలుపా?" అంది జేజి.

"కట్టుకుంటావా లేదా?"

"దీని బరువుకు మెడ విరుగుతాది" అంటూనే ఆమె వెనక్కి తిరిగి కొప్పు చూపింది. అబ్బ చేతులు ఎడ్ల మెడలకే అలవాటుపడినవి. చుట్టి, లాగి, రెండు ముళ్లు వేశాడు. సంగటి వడ్డించే వేళకు, పొయ్యి వెచ్చకు ఆ మొగ్గలు ఒక్కొక్కటే ఆమె తలలోనే విచ్చాయి. అబ్బ తింటున్నది సంగటో మట్టో చూసుకోలేదు.

ఇప్పుడా దొడ్డి లేదు. పందిరి బండలు ఎవరింటికో గడపలైపోయాయి. పరుపుల మామ లేడు, ఎదురింటవ్వ లేదు, మా ఇద్దరు పెద్దలూ లేరు. ఆ తర్వాత నేను ఎన్నో పెండ్లిండ్లలో బుట్టల కొద్దీ పూలు చూశాను, అన్నీ సన్నటి దారాలతో ముచ్చటగా కట్టినవే. నాకు గుర్తుండిపోయింది మాత్రం మరునాటి పొద్దు. కిత్తనార గీరుకొని జేజి మెడంతా ఎర్రటి దద్దుర్లు. మా అమ్మ చూసి, "తీసెయ్యరాదా అత్తా, పూలన్నీ వాడిపాయ" అంది.

"ఉండనీలే" అంది జేజి, మెడ గోక్కుంటూ. "నాకేమి, బాగానే ఉండాది."